నెమలికంఠం దారం

నా బీరువాలో, తువ్వాళ్ళ కింద, అట్టముక్కకు చుట్టిన పట్టుదారం ఒకటి ఉంది. విప్పితే మూర పొడవు ఉంటుందేమో. ఊదితే ఎగిరిపోతుంది. ఇంతవరకూ నేను మోసిన వాటిలో దానికన్నా బరువైనది మరొకటి లేదు. మా నాయన పాడె మోశాను. ఊళ్ళో మా ఇల్లు అమ్ముడుపోయిన రోజు తాళంచెవుల గుత్తి తీసుకెళ్ళి కొన్నవాళ్ళ చేతిలో పెట్టాను. అవన్నీ దించాను. దీన్ని మాత్రం దించలేకపోయాను.

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుని అడిగితే నోరు విప్పేవాణ్ణి కాదు. మా ఇంట్లో మగవాళ్ళకు తప్పయిందని చెప్పడం ఎవరూ నేర్పలేదు. తప్పు చేసినవాళ్ళు వచ్చి మా అరుగు కింద నిలబడేవాళ్ళు, మేం పైన కూర్చుని వినేవాళ్ళం. అరుగు పోయింది. ఆ కూర్చునే తీరు మాత్రం నా వెన్నులో మిగిలిపోయింది.

పేర్లు మార్చాను. రంగు పేరు మాత్రం మార్చలేదు. మారిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ రంగు పేరు చూసి, ఈ దారం నాకిచ్చిన ఆమె గుర్తుపడుతుందేమోనని భయంగా ఉంది. గుర్తుపట్టకుండా పోతుందేమోనని అంతకన్నా భయంగా ఉంది.

మాది పెనుకొండ దగ్గర ఊరు. చుట్టుపక్కల మమ్మల్ని పెద్దింటివాళ్ళు అనేవాళ్ళు. అది మా తాత నాటి మాట. నాకు ఊహ తెలిసేసరికి చెరువు కింద మడులు పోయాయి. నా పెళ్ళినాటికి బావి పోయింది, ఆ తర్వాత ఇల్లు పోయింది. నేను హిందూపురం వచ్చి ఒక మిల్లులో గుమస్తాగా చేరాను. రాతి కప్పున్న పాత ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. అక్కడే నా భార్య పోయింది. పిల్లలు లేరు.

ఆమె పోయిన తర్వాతే రొయ్యలు వచ్చాయి. మిల్లు నుంచి వచ్చే దారిలో రంగుచేపల దుకాణం ఒకటి ఉండేది. ఒక సాయంత్రం వాన పడితే అందులోకి వెళ్ళి నిలబడ్డాను. గాజుతొట్టిలో నాచు మీద ఎర్రగా ఏవో కదులుతున్నాయి. గోటికన్నా కాస్త పొడవు. మంచినీటి రొయ్యలట, తినేవి కావు, చూసుకునేవి. రెండు ముందుకాళ్ళతో నాచును ఏరి ఏరి నోట్లో పెట్టుకుంటున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా. వాన ఆగిన తర్వాత కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను. పది కొనుక్కుని కవర్లో తెచ్చుకున్నాను. రెండు నెలలకు ఒక ఆడరొయ్య కడుపు కింద పచ్చటి గుడ్ల గుత్తి కనిపించింది. ఇంకో నెలకు ఆవగింజలకు కాళ్ళు మొలిచినట్టు పిల్లలు.

ఈ సంగతి బంధువులకు తెలియనీయలేదు. పెద్దింటి మనిషి గదిలో రొయ్యలు పెంచుతున్నాడంటే నవ్వుతారు. పక్కింటాయన ఒకసారి చూసి, "ఏమప్పా, పులుసు పెట్టేది ఎప్పుడు?" అన్నాడు. నెల రోజులు అతనితో మాట్లాడలేదు. అంత పౌరుషం నాది. దేనిని చూసుకుని అంత పౌరుషమో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్రకాశం పరిచయమైంది ఆ దుకాణంలోనే. ధర్మవరంలో సర్కారు హైస్కూల్లో సైన్సు టీచరు. తన తొట్టిలో ఎక్కువైన రొయ్యల్ని దుకాణదారుకు ఇవ్వడానికి ప్యాసింజరు బండిలో వచ్చేవాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"సామీ, మీరు పెద్దింటోళ్ళు కదా? మా నాయన మీ మడికాడ నీళ్ళు కట్టేటోడు."

నేను తలూపాను. వాళ్ళ నాయన నాకు గుర్తున్నాడు. మా పెరటి వాకిట్లో దోసిలి పట్టి వంగి నిలబడితే మా అవ్వ పైనుంచి నీళ్ళు పోసేది. ప్రకాశానికి అది గుర్తుందో లేదో నేను అడగలేదు. అతను అప్పటికే నా రొయ్యల గురించి అడగడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఎక్కడివి, బాదం ఆకు వేస్తున్నానా, స్పాంజి ఫిల్టరు ఎన్నాళ్ళకు పిండుతున్నాను. పది నిమిషాల్లో 'సామీ' పోయి 'అన్నా' వచ్చింది. నేను గమనించాను. మొహంలో కనిపించనీయలేదు. గమనించానన్నది మాత్రం మీకు చెప్పాలి. తర్వాత జరిగినదానికి అది కూడా కారణం కాదని నేను అనలేను.

ఒక ఆదివారం ధర్మవరం రమ్మని పిలిచాడు. వెళ్ళాను. రేకుల ఇల్లు, వరండాలో రాట్నం, లోపలి గదిలో గాజుతొట్టి. తొట్టి ముందు చతికిలబడ్డాను. అరవై రొయ్యలుంటాయి. అన్నీ ఒకే నీలం. నీలం అంటే చాలదు. కదిలినప్పుడు లోపలినుంచి పచ్చదనం పైకి వచ్చి మళ్ళీ మునిగిపోయేది.

"నెమలికంఠం," అంది రత్నమ్మ. ప్రకాశం భార్య. ఇంట్లోనే రాట్నం మీద పట్టుదారాన్ని మగ్గానికి కావలసిన కండెలుగా చుట్టేది. కానీ నేతగాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేది ఆ పనికి మాత్రమే కాదు. నెమలికంఠం అని రంగు వేయించినా ఈ వారం అద్దిన దారం కట్టకూ పోయిన వారం అద్దిన కట్టకూ పిసరంత తేడా ఉంటుందట. మగ్గం మీద అది తెలియదు. చీర నేసి విప్పి పరిస్తే అడ్డంగా చార కనిపిస్తుంది. అందుకని పని మొదలుపెట్టేముందు కట్టలు రెండూ తెచ్చి రత్నమ్మకు చూపించేవాళ్ళు. ఆమె వాకిట్లోకి వచ్చి, ఎండకు వీపు పెట్టి, రెండు కట్టలూ ఒకదాని పక్కన ఒకటి పట్టుకుని చూసి, ఒక్క మాట చెప్పేది. కలుస్తాది, లేదా కలవదు. ఆ మాట మీద మగ్గం కదిలేది.

రొయ్యల్నీ ఆమె అలాగే ఏరింది. అట్టముక్కకు చుట్టిన దారం ఒకటి పెట్టుకుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాన్ని తొట్టి అద్దానికి ఆనించి కూర్చునేది. "అది. ఆ మూలది కాదప్పా, దాని పక్కది," అని వేలు చూపిస్తే ప్రకాశం చిన్న వలతో తీసేవాడు. దారానికి సరిపోనివి దుకాణానికి వెళ్ళేవి. సరిపోయినవే ఉండేవి. అలా నాలుగేళ్ళు. మొదట అవి ఉత్త బూడిదనీలం రొయ్యలేనట.

"మగ్గం దిగిన రొయ్యలన్నా ఇవి," అని నవ్వేవాడు ప్రకాశం. "నేను కూలోణ్ణి. అసలు మాస్టరమ్మ ఆమె."

అతనే ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పాడు. నీలానికి నీలం కలిపితే నీలమే పుడుతుందనుకోకూడదట. ఆ నీలం దేనిలోంచి వచ్చిందో తెలియాలట. వేరే వరసలోంచి వచ్చిన నీలాన్ని కలిపితే, చూడటానికి రెండూ ఒకటే అయినా, పిల్లలు మట్టిరంగులోకి తిరిగిపోతాయట. ఏట్లో రొయ్య రంగులోకి. ఆ తర్వాత ఎంత ఏరినా పోయింది తిరిగి రావడం కష్టం.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని నేను ఒకటే ఆలోచించాను. నాకు మా వంశంలో ఏడు తరాల పేర్లు వరుసగా చెప్పడం వచ్చు. ప్రకాశానికి తాత పేరు దాటి తెలియదు. కానీ అతని ఇంట్లో పదిహేను తరాలు చెడకుండా నిలబడి ఉన్నాయి. నా ఇంట్లో నేను ఒక్కణ్ణి.

దాన్ని అసూయ అనాలా? అప్పుడు అనలేదు. ఇప్పుడు వేరే మాట దొరకడం లేదు.

ఆ తర్వాతి ఎండాకాలం రత్నమ్మ కళ్ళకు పొర కమ్మింది. చిన్న వయసులోనే వచ్చింది. రెండు కళ్ళకూ ఆపరేషను చేయాలన్నారు. బెంగుళూరులో ఆమె అక్క ఇంట్లో నెల రోజులు ఉండాలి. రేకుల ఇంట్లో తలుపులు వేసి వెళ్తే తొట్టి ఉడికిపోతుంది. నా ఇంటి రాతి కప్పు కింద చల్లగా ఉంటుంది. బెంగుళూరు బండి హిందూపురం మీదుగానే పోతుంది. ప్రకాశం రొయ్యలన్నిటినీ, గాజుతొట్టితో సహా, తీసుకొచ్చి నా తొట్టి పక్కన పెట్టాడు. అరవై రెండు. అతనే లెక్కపెట్టి చెప్పాడు. రత్నమ్మ కళ్ళు చికిలిస్తూ తొట్టిని తడిమి, "పోయొస్తాం, బాగుండండి," అంది, పిల్లలకు చెప్పినట్టు.

గడప దాటబోతూ ప్రకాశం ఆగాడు. నా వంటగది మూలకు చూశాడు.

"అన్నా, ఒక మాట. నీళ్ళు తగ్గితే క్యాను నీళ్ళే పొయ్యి. ఆ అండాలోవి మాత్రం పొయ్యొద్దు. రాగి వీటికి పడదు. విషం."

మా పెద్దింటి నుంచి నేను తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. నీళ్ళు పట్టే రాగి అండా. మెడ చుట్టూ మా ముత్తాత పేరు చెక్కి ఉంటుంది. మా అవ్వ ఆ అండాలోని నీళ్ళే చెంబుతో ముంచి ప్రకాశం వాళ్ళ నాయన దోసిట్లో పోసేది. పైనుంచి, చెంబు తగలకుండా. ఇప్పుడు ఆయన కొడుకు నా గడపలో నిలబడి ఆ నీళ్ళు విషం అంటున్నాడు.

అతను అన్నది రొయ్యల గురించి. సైన్సు టీచరు, తెలిసిన సంగతి చెప్పాడు. అంతకుమించి అతని మాటలో ఏమీ లేదు. ఆ రోజు కూడా నాకు అది తెలుసు. "సరేలేప్పా," అన్నాను. కానీ లోపల ఏదో గుచ్చుకుంది. రోజూ ఆ అండా ముందు నుంచి నడిచినప్పుడల్లా గుచ్చుకుంటూనే ఉంది.

పదమూడో రోజు. అంతకు రెండు రోజుల ముందు మా నాయన తద్దినం. అండాను చింతపండుతో తోమించి, తళతళలాడుతుంటే నిండా నీళ్ళు పట్టి పెట్టాను. ఆ ఉదయం చూస్తే రెండు తొట్లలోనూ నీళ్ళు నాలుగు వేళ్ళ మేర తగ్గి ఉన్నాయి. కరెంటు లేక క్యాను నీళ్ళవాడు రాలేదు. మధ్యాహ్నం వస్తానన్నాడు. మధ్యాహ్నం దాకా ఆగితే ఏమీ అయ్యేది కాదు. అది కూడా నాకు తెలుసు.

చెంబు తీసుకున్నాను. అండాలో ముంచాను. మా ఇంట్లో నాలుగు తరాలు తాగి బతికిన నీళ్ళు, వీటికేమవుతుందో చూద్దాం అనుకున్నాను. అవును, చూద్దాం అనుకున్నాను. ప్రకాశం తొట్టిలో రెండు చెంబులు పోశాను.

మిల్లుకు వేళవుతోందని గాభరాపడ్డానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోయానని చెప్పుకున్నాను. నిండా పోయలేదు కదా, రెండు చెంబులే కదా అనుకున్నాను. ఇవన్నీ ఒక ప్రశ్న ముందు నిలబడవు. పక్కనే నా తొట్టి ఉంది. అందులోనూ నీళ్ళు తగ్గాయి. నా తొట్టిలో ఎందుకు పోయలేదు?

చొక్కా వేసుకుని వచ్చేసరికి రొయ్యలు పిచ్చెత్తినట్టు ఈదుతున్నాయి. ఎప్పుడూ నాచు మీద నింపాదిగా ఉండేవి అద్దాలకు కొట్టుకుంటున్నాయి. కొన్ని ఫిల్టరు గొట్టం పట్టుకుని నీటి పైకి పాకుతున్నాయి.  నా తొట్టిలోని నీళ్ళు ఒక బేసిన్లోకి తోడి, వలతో ఒక్కొక్కదాన్నీ పట్టి అందులో వేశాను. చాలావరకు అప్పటికే పక్కకు పడిపోయి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. వాటి నీలం లోపలినుంచి పాలు కలిసినట్టు తెల్లబడుతోంది. గుడ్లు మోస్తున్న ఆడవి కూడా. ఆ తెల్లబడటం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది.

అప్పుడే ఫోను మోగింది.

"అన్నా, రెండో కన్ను కూడా బాగైందన్నా. కట్టు విప్పినారు. ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము కూడా కనపడతాందంట, వాళ్ళక్కను తిడతాండాది," అని నవ్వాడు ప్రకాశం. "మావాండ్లు ఎట్లుండారు?"

"బాగుండారు," అన్నాను.

నా గొంతు వణకలేదు. అందుకు ఆ క్షణంలో గర్వపడ్డాను కూడా. బేసిన్లో అయిదు మిగిలాయి.

అప్పుడే చెప్పేసి ఉంటే? ప్రకాశం తిట్టేవాడు, లేదా తిట్టకుండా మౌనంగా ఊరుకునేవాడు. మిగిలిన అయిదింటితో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. రెండు మూడేళ్ళు పట్టేదేమో. కానీ చెప్పాలంటే అండా సంగతి చెప్పాలి. వద్దన్నావు, అయినా పోశాను అని చెప్పాలి. ఎవరికి? వాళ్ళ నాయనకు మా అవ్వ నీళ్ళు పోసిన చెంబు చేత్తో పట్టుకుని, అతనికా? నా వెన్ను ఒప్పుకోలేదు.

మర్నాడు మిల్లుకు సెలవు పెట్టి బెంగుళూరు బండెక్కాను. వాళ్ళున్న ఊరికే. దారంతా తల దించుకుని కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద నల్లద్దాలు పెట్టుకున్న ప్రతి ఆడమనిషినీ చూసి స్తంభం చాటుకు తప్పుకున్నాను. ఒక పెద్ద దుకాణంలో నీలం రొయ్యలు దొరికాయి. దుకాణంలో ఉన్నాయన కన్నడంలో, ఏ వరస కావాలి, నీలంలో రెండు మూడు ఉన్నాయి అని అడిగాడు. మనిషి పేరు చెప్పగానే ఏ ఇల్లు, ఎవరి కొడుకు అని అడిగే అలవాటు నాది. ఆ రోజు అడగలేదు.

"నీలంగా ఉంటే చాలు," అన్నాను.

యాభై ఏడు తెచ్చి బతికిన అయిదింటితో కలిపాను. అరవై రెండు. దూరం నుంచి చూస్తే తేడా లేదు. దగ్గరగా చూసినా నాకు తేడా కనిపించలేదు.

ఆ మిగిలిన రెండు వారాలు నేను సరిగా తినలేదు.  రోజూ తొట్టి ముందు కూర్చుని వాటిని చూసి, బాగానే ఉన్నాయి, ఎవరికి తెలుస్తుంది అనుకునేవాణ్ణి. మళ్ళీ రత్నమ్మ గుర్తుకొచ్చేది. మా మిల్లు అకౌంటెంటుకు అంతకుముందు ఏడాదే కంటి ఆపరేషను అయింది. పొర తీశాక కొన్నాళ్ళు నీలాలు వేరేగా కనిపించాయని అతను అనగా విన్నాను. ఆ మాట నాకు దొరికింది. దాచిపెట్టుకున్నాను. తర్వాత నేను అన్నది అప్పటికప్పుడు నోటికి వచ్చింది కాదని మీరు తెలుసుకోవాలి. ముందే సిద్ధం చేసుకున్నాను.

వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నపు బండికి దిగి నేరుగా నా గదికి. రత్నమ్మ చెప్పులు విప్పీ విప్పకముందే తొట్టి ముందు కూర్చుంది. నల్లద్దాలు తీసింది. పర్సులోంచి అట్టముక్క తీసి అద్దానికి ఆనించింది. చాలాసేపు చూసింది.

"అన్నా, ఇవి మావి కావు," అంది.

ప్రకాశం నవ్వాడు. "ఏమే, కొత్త కండ్లొచ్చినాయని అన్నతో పరాచికాలా? మనవి కాకపోతే బండెక్కి యాడికన్నా పోయినాయా?"

"నువ్వు గమ్మునుండప్పా. ఇట్ల చూడు. మనవాటికి లోపల పచ్చ ఉంటాది, నెమలి మెడ తిప్పితే వచ్చేది. వీటికి లేదు. ఉత్త ఇంకు మాదిరుండాయి."

"నాకేం తేడా తెలీలే."

"నీకు యాడ తెలుస్తాది. పెండ్లినాడు నేను కట్టింది ఏం రంగో చెప్పు, చూద్దాం."

"ఎరుపు."

"వంగపండు రంగు," అని ఆమె నా వైపు తిరిగింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "చెప్పన్నా. ఇవి మావి కావు కదా?"

నేను దాచుకున్న మాట తీశాను. "ఆపరేషనైన కండ్లు కదమ్మా. పొర తీసినాక కొన్నాళ్ళు నీలాలు వేరేగా కనపడతాయంట. మా మిల్లులో ఒకాయనకూ అట్లనే అయింది."

ఆమె అద్దానికి ఆనించిన దారం వైపు చూసింది. "అట్లయితే దారం కూడా వేరేగా కనపడాల కదన్నా? దారం అట్లనే ఉండాది. రొయ్యలే మారినాయి."

అంత సూటిగా, అంత సరిగ్గా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు.  జవాబు లేనప్పుడు మా ఇంట్లోవాళ్ళు ఏం చేసేవాళ్ళో అదే చేశాను. నడుము నిటారుగా పెట్టి, గొంతు దించి, "అంటే నేను మార్చినానంటావా?" అన్నాను.

 ప్రకాశం చప్పున లేచాడు. "అయ్యయ్యో, అది కాదన్నా... ఏమే, ఎవరితో ఏం మాట్లాడుతాండావు? నెల దినాలు కాపాడినాడు మనవాటిని!"

రత్నమ్మ తల దించుకుంది. దారం పర్సులో పెట్టుకుంది. "తప్పయింది సామీ," అంది.

సామీ అంది. అంతదాకా ఆమె నన్ను అన్నా అని తప్ప పిలవలేదు. ఆ పిలుపు కోసం నేను లోలోపల ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నానో అప్పుడే తెలిసింది. వచ్చింది. ఏం చేసుకోను దాన్ని?

నాలుగు నెలల తర్వాత ప్రకాశం ఫోను చేశాడు. పుట్టిన పిల్లలు పెద్దవవుతున్నాయి, నీలం రావడం లేదు. సగానికి పైగా మట్టిరంగు, గోధుమరంగు, కొన్ని రంగే లేకుండా. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదన్నాడు. "నీకేమన్నా తోస్తాందా అన్నా?"

ఇదే నేను చెప్పాల్సిన రెండో సంగతి. రొయ్యల్ని చంపింది నా పొగరు అయితే, ఇది ఏమిటో నాకు పేరు తెలియదు. "ఏరేది ఆమె కదప్పా," అన్నాను. "పొర కమ్మినప్పుడు ఏరినవి ఎన్ని తప్పినాయో. కన్ను తప్పితే వరస తప్పుతాది." "కావచ్చన్నా," అన్నాడు.

అతను ఆమెతో చెప్పాడో లేదో తెలియదు. చెప్పకుండానే ఆమె అదే అనుకుందో కూడా తెలియదు. ఏడాది తిరక్కముందే ధర్మవరం వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పడానికే వెళ్ళానని అనుకునేవాణ్ణి. చూడటానికి వెళ్ళాను. తప్పు చేసినవాడు ఆ చోటికి తిరిగి వెళ్ళి, ఏమీ కాలేదులే అని నమ్మకం తెచ్చుకోవాలని చూస్తాడు.

రత్నమ్మ వరండాలో రాట్నం తిప్పుతోంది. నేను కూర్చున్న కాసేపటికి ఒక నేతగాడు చంకలో రెండు పట్టు కట్టలతో వచ్చాడు. పెద్దవాడు, ఎన్నో ఏళ్ళుగా ఆమె దగ్గరికి వస్తున్నవాడిలా ఉన్నాడు.

"రత్నమ్మా, ఒక్కసారి వాకిట్లోకొచ్చి చూసి చెప్పు తల్లీ. పొద్దన మగ్గమెక్కియ్యాల."

ఆమె రాట్నం ఆపలేదు. "నేను చూడనని చెప్తి కదా పెద్దాయనా. ఇంగొకర్ని అడుగు."

"ఇంగెవరున్నారు నీ మాదిరి?"

"నా కన్ను పోయింది పెద్దాయనా. నా మాట నమ్ముకుని చీర మీద చార పడితే నీ ఉసురు నాకు తగులుతాది. పో."

ఆయన కట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె కండె మార్చి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. కళ్ళు శుభ్రంగా, తేటగా ఉన్నాయి. వెంట్రుకలాంటి దారాన్ని ఒక్కసారి కూడా తడబడకుండా ముడి వేస్తోంది. నేను అరుగు మీద, అవును, వాళ్ళ అరుగు మీద కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసుతో చూస్తున్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. కాఫీ తాగాను.

వచ్చేటప్పుడు ప్రకాశం తొట్టి నాకే ఇచ్చేశాడు. వాటిని చూస్తే ఆమె కుమిలిపోతోందట, బయట పారబోయడానికి మనసొప్పడం లేదట. "నువ్వైతే బాగా చూసుకుంటావన్నా." రత్నమ్మ లోపలికెళ్ళి ఆ అట్టముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది కూడా తీసుకుపోండి సామీ. మీ కన్ను బాగుండాది కదా."

దెప్పుతూ అనలేదు. అలా అని ఉంటే ఎంత బాగుండేదో. నిజంగానే అంది.

అప్పటినుంచి ఆ మట్టిరంగు రొయ్యలు నా గదిలో ఉన్నాయి. పుడుతున్నాయి, పోతున్నాయి. ఒక్కదాన్ని కూడా ఏరి తీయలేదు. నా ఎర్రవి ఎప్పుడో అంతరించాయి, పట్టించుకోలేదు. అండాను అమ్మలేదు. బోర్లించి పెట్టాను. ప్రకాశం పండగలకు ఫోను చేస్తాడు, ఎలా ఉన్నావన్నా అంటాడు. రత్నమ్మ ఇంకా కండెలు చుడుతోందట. రంగులు చూడదట. 

ఇన్నాళ్ళూ రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన వారం ఆ మట్టిరంగు గుంపులో ఒక పిల్ల కనిపించింది. గోరులో సగం ఉంటుంది. నీలం. నాచు మీద తిరిగినప్పుడు లోపలినుంచి పచ్చగా ఏదో మెరిసినట్టు అనిపించింది. సంతోషం కలగలేదు. భయమేసింది. బీరువా తెరిచి, తువ్వాళ్ళ కిందనుంచి దారం తీసి, అద్దానికి ఆనించి కూర్చున్నాను. ఎండ వచ్చే వైపు తిరిగి చూశాను, నీడలో చూశాను. మూడు రోజులు చూశాను.

కలుస్తుందో కలవదో నాకు తెలియడం లేదు. అది చెప్పగలిగిన కన్ను ఒక్కటే ఉంది. దాన్ని పోగొట్టింది పొర కాదు, నేను.

ఆ పిల్లను సీసాలో వేసుకుని ధర్మవరం బండెక్కుతానని మీరనుకుంటున్నారేమో. నాకు తెలియదు. సీసా కడిగి పెట్టాను. రెండు రోజులుగా అది కిటికీలో ఆరుతోంది. వెళ్ళినా ఆమె తలుపు తీయకపోవచ్చు. తీసి, మొత్తం విని, అలాగే రాట్నం తిప్పుకోవచ్చు. ఎనిమిదేళ్ళలో ఆమె చూడని కట్టల్ని నేను తిరిగి తేలేను. క్షమించమని అడగడం నాకు ఇప్పటికీ రాదు. రాయబోయి మూడుసార్లు కొట్టేశాను. కానీ ఆమె ఆ రోజు నన్ను ఒక ప్రశ్న అడిగింది. నవ్వుతూ అడిగింది. దానికి జవాబు ఒకటి ఉంది, చిన్నదే, అది ఇన్నేళ్ళూ నా గొంతులో ఉండిపోయింది. దాన్ని ఇక్కడ పెడుతున్నాను. పెడుతుంటే ఊపిరి కాస్త ఆడుతున్నట్టుంది, అంతే.

కావమ్మా. అవి మీవి కావు.